చదవడమే కష్టమైన పిల్లోడికి ఫౌండేషన్ ఎందుకన్నా?

పరకాల నుంచి ఒక తండ్రి రాసిన్రు: "మా బాబు 7వ తరగతి, ఇంగ్లిష్ మీడియం. పుస్తకం పడితే పది నిమిషాలకే ఆవలింతలు, చదివింది ఏందిరా అంటే చెప్పడు, లెక్కల్లో కూడా మార్కులు పడిపోయినయి. ఫోన్ మాత్రం గంటలు చూస్తడు. చుట్టాల ముందట మొద్దు అని తిట్టినా సిగ్గు లేదు. హన్మకొండలో హాస్టల్ ఉన్న ఐఐటీ ఫౌండేషన్ స్కూల్‌ల వేయాలా, ఇక్కడే ఉంచి ట్యూషన్ పెట్టాలా, ఏది బెటర్?"

అన్నా, అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు ఈ ప్రశ్న నాకు వస్తనే ఉంటది, పరకాల కాకుంటే నర్సంపేట, కాకుంటే భూపాలపల్లి. అడిగేది స్కూల్ గురించే గానీ లోపల భయం వేరే, వీడికి అసలు చదువు అబ్బదా అని. ముందు దానికే చెప్త. మీరు రాసిన దాంట్ల వాడికి తెలివి తక్కువ అనిపించే ముక్క ఒక్కటి కూడా నాకు కనబడలే. చదవడం దగ్గర ఎక్కడో ఆగిపోతున్నడు, అంతే. ఎక్కడ ఆగిండో చూడకుండా స్కూల్ మార్చితే ఆ ఇబ్బంది కూడా బ్యాగుల పెట్టుకొనే హాస్టల్‌కు పోతడు.

లెక్కల మార్కులు అన్నరు కదా. నా దగ్గరికి వచ్చిన ఒక ఆరో తరగతి బాబుకు ఇంగ్లిష్‌ల లెక్క ఇచ్చిన. రవి దగ్గర 12 మామిడిపండ్లు, సీత దగ్గర 7, రవి దగ్గర 'హౌ మెనీ మోర్' అని. వాడు 19 అని రాసిండు. 'మోర్' కనబడితే కూడుడే అని వాడికి అలవాటైంది. అదే లెక్క నేను తెలుగుల నోటితో చెప్పిన, రవి దగ్గర ఎన్ని ఎక్కువున్నయిరా అని, నేను ఆపకముందే 5 సార్ అన్నడు. వాళ్ల అమ్మ పక్కనే ఉంది, లెక్కలు రావని రెండేండ్లు ట్యూషన్‌కు పంపింది పాపం. మీవాడి లెక్కలది కూడా ఇదే కథ కావచ్చు, చూడాలె.

ఇంట్లనే చేసే పని ఒకటి చెప్త. ఈ ఆదివారం పేపర్ల పిల్లల పేజీ తీసుకొని వాడికి తెలుగుల పది లైన్లు పైకి చదవమనండి. తప్పు దిద్దకండి, ఊరికె వినండి. తర్వాత ఇంకో పది లైన్లు మీరు చదివి వినిపించి, ఏం అర్థమైందిరా అని అడగండి. ఇదే పని ఇంగ్లిష్ పాఠంతోటి కూడా చేయండి. చదవడం మీద పరిశోధన చేసిన గాఫ్, టన్మర్ అని ఇద్దరు 1986లో చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తది, చదివి అర్థం చేసుకోవాలంటే అక్షరాలను మాటగా పలకగలగాలె, ఆ మాట చెవిన పడితే అర్థం తెలిసి ఉండాలె, రెండింట్ల ఏది లేకున్నా పని కాదు. మీరు చదివితే అర్థమయి, తనే చదివితే అర్థం కాకపోతే వాడికి అక్షరం దగ్గర కష్టం. మీరు చదివినా అర్థం కాకపోతే భాష దగ్గర కష్టం, ఆ మాటలే వాడికి తెల్వవు. తెలుగు గడగడ చదివి ఇంగ్లిష్ దగ్గరే ఆగితే అది రోగం కాదు, ఇంట్ల ఎవరూ మాట్లాడని భాషల సైన్సు, సోషల్ అన్నీ చదవమంటున్నం కదా, ముందు ఆ భాష నేర్పాలె.

తెలుగుల కూడా తడబడితే మాత్రం జాగ్రత్తగా చూడండి. మన తెలుగు రాసినట్టే పలుకుతం, ఇంగ్లిష్ లెక్క స్పెల్లింగ్ ఒకటి, పలికేది ఒకటి కాదు. అట్లాంటి తెలుగుల 7వ తరగతికి వచ్చినంక కూడా వత్తులు వదిలేస్తున్నడా, 'ప్రయత్నం' అని ఉంటే మొదటి రెండక్షరాలు చూసి 'ప్రయాణం' అనేస్తున్నడా, వేలు పెట్టకుంటే లైను తప్పుతున్నడా. ఇట్లుంటే ముందు కండ్లు, చెవులు చూపించండి, అవి బాగుంటే డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో పరీక్ష చేయించాలె. వరంగల్ ఎంజీఎం దవాఖానల పిల్లల డాక్టర్‌ను గానీ మీకు తెలిసిన పిల్లల డాక్టర్‌ను గానీ అడిగితే ఎవరి దగ్గరికి పోవాల్నో చెప్తరు. డిస్‌లెక్సియా అంటే బుద్ధిమాంద్యం కాదన్నా, ఆ మాట విని ఏడ్చిన తల్లులను చూసిన అందుకే గట్టిగా చెప్తున్న. 2016 వికలాంగుల హక్కుల చట్టంల దాన్ని చేర్చిన్రు, సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షల్లో ఎక్కువ టైమ్ లాంటి సౌకర్యాలు ఉన్నయి.

ఇంకో లెక్క. మీవాడు 2019లో ఒకటో తరగతిల చేరి ఉంటడు. 2020 మార్చిల కరోనాతోటి బడులు బంద్ అయినయి, చిన్న క్లాసులు మళ్ల తెరిచింది 2021 సెప్టెంబర్‌ల. అంటే ఒకటో తరగతిల ఇంటికి పోయినోడు మూడో తరగతిల బడికొచ్చిండు. గుణింతాలు, వత్తులు చేతికి పట్టే ఏడాదిన్నర ఫోన్ ముందట పోయింది, ఆ ఫోన్ ఇచ్చింది కూడా మనమే. తర్వాత ఎవరన్న వెనక్కి పోయి నేర్పిన్రా?

ఇగ కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుత. చుట్టాల ముందట మొద్దు అనుడేందన్నా? కొత్తగా బండి నేర్చుకునేటోడు క్లచ్, గేరు చూసుకుంటడు, రోడ్డు మీద ఏముందో చూడడు, వీడూ అంతే, అక్షరాలు కూడుకునేసరికే అలిసిపోతడు, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతడు, ఆవలింతలు అందుకే. ఆ అలసటను మీరు సిగ్గు లేకపోవుడు అంటున్నరు. పది మంది ముందట ఆ మాట పడ్డ పిల్లోడు పైకి చదువుడే మానేస్తడు, అప్పుడు తప్పు ఎక్కడుందో మనకు కూడా తెల్వదు. ఆ మాట ఇవ్వాళే బంద్ పెట్టండి.

ఫౌండేషన్ గురించి నా అనుమానం దాచుకోను. ఐఐటీ సీటుకు రాసే జేఈఈ పరీక్ష సిలబస్ ఇంటర్‌ది, ఏడో తరగతిల పదో తరగతి ఫిజిక్స్ చెప్తే ఎంత లాభమో ఇన్నేండ్లల నాకు ఎవరూ ఒప్పించేటట్టు చెప్పలే. చదవడం బాగా వచ్చి, లెక్కలంటే పిచ్చి ఉన్న పిల్లలు కొందరు సంతోషంగా ఉంటరు, వాళ్లను చూసిన, కాదనను. కానీ చదవడం దగ్గరే ఆగినోడికి అక్కడ వారం వారం టెస్ట్, ర్యాంకు, కింది సెక్షన్, రాత్రి స్టడీ అవర్‌ల అర్థం కాని పేజీ ముందట కూసునుడు. పక్కన కూసోబెట్టుకొని వత్తులు నేర్పేటంత టైమ్ అక్కడెవరికుంటది? వరంగల్ నిట్ ఇంజినీరింగ్ కాలేజీని చూసుకుంట పెరిగిన ఊరు మనది, ఆశ ఉంటది, అర్థమైతది. కానీ ఆ దారి ఇంటర్‌ల కూడా తెరిచే ఉంటది, పది తర్వాత బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, పాలిటెక్నిక్ ఉంది.

కాబట్టి ఈ ఏడాది ఇంట్లనే ఉంచండి. ట్యూషన్ పెడితే హోంవర్క్ చేయించేటాయన వద్దు, రోజూ ఇరవై నిమిషాలు వాడితో పైకి చదివించేటోళ్లను చూడండి, మీ ఊర్ల డీఈడీ (టీచర్ ట్రైనింగ్) చేసిన ఆడపిల్ల ఎవరన్న ఉంటే ఇంకా మంచిది. మూడో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టినా నామోషీ అనుకోవద్దు. రాత్రి మీరు ఒక పేజీ, వాడు ఒక పేజీ. హన్మకొండకు వచ్చినప్పుడు 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర భాషా నిలయం లైబ్రరీకి తీసుకపోండి, బొమ్మల పుస్తకం పట్టుకున్నా ఏమనకండి.

ఆదివారం వాడు చదివేటప్పుడు ఏ మాట దగ్గర ఆగిండు, దేన్ని దేనిగా చదివిండు, కాగితం మీద రాసి పంపండి. అది చూసి మాట్లాడుకునేదాక హాస్టల్‌కు అడ్వాన్స్ కట్టకండి.