ఆస్తిలో వాటా ఉందని తెలిసినా ఆడపిల్లలు ఎందుకు అడగరు?

తెలియక కాదు. మా విశాఖలో, గాజువాక వైపు, ఉద్యోగం చేసే ఆడవాళ్లు కూడా "అడిగితే ఇక పుట్టిల్లు ఉండదు" అంటారు. వాళ్ల లెక్క తప్పని నేననను. అత్తింట్లో గొడవైతే తలదాచుకునే చోటు అదే, అన్నదమ్ములతో చెడితే అదీ పోతుంది. పైగా "కట్నం ఇచ్చాం కదా" అన్న మాట ఎప్పుడూ సిద్ధం. ఆ కట్నం చాలాసార్లు ఆమె చేతికే రాదు (1961 నుంచి నేరమన్నది వేరే సంగతి).

ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన రాష్ట్రం 1986లోనే ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు తప్ప. హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు విడుదల పత్రం (నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం) మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టకండి, రిజిస్టరయ్యాక రద్దు చేయించడం చాలా కష్టం.