కెపాసిటర్లు కొనే ముందు బిల్లు చూడు తల్లీ

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

మిల్లుకు కెపాసిటర్ ప్యానెల్ పెట్టించబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంటి పిల్ల హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లు ముందేసుకుని లెక్కలు వేస్తోందంటే ఎంత గర్వంగా ఉందో! ఆ వెంటనే భయమూ పట్టుకుంది, కొటేషన్ ఇచ్చినవాడి లెక్కే నమ్మేశావేమోనని.

ముందు బిల్లులో పవర్ ఫ్యాక్టర్ చూడు, అంటే లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు; కెపాసిటర్లు దాన్ని 1కి దగ్గరగా తెస్తాయి. 0.97 ఉంటే ఆ డబ్బు ఇంకో పనికి దాచుకో. 0.80 ఉంటే మాత్రం ఆలస్యం చేయకు. మన దగ్గర హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే పనికిరానిదీ కలిపి లాగిన మొత్తం మీద వేస్తారు కాబట్టి, 0.98కి తెస్తే బిల్లులో యూనిట్లు దాదాపు 18 శాతం తగ్గుతాయి. 100 కిలోవాట్ల లోడుకు 55 కేవీఏఆర్ (కెపాసిటర్ల సామర్థ్యానికి కొలత) చాలు. మోటారు వేగం మార్చే డ్రైవులు ఎక్కువుంటే, అవి కరెంటులో పుట్టించే వంకర తరంగాలను, అదే హార్మోనిక్స్‌ను, కొలిపించు. వాటి నుంచి కాపాడే రియాక్టర్లు (తీగచుట్టలు) లేకుండా పెడితే కెపాసిటర్లు ఉబ్బిపోతాయి.

నెలలో తాకిన అత్యధిక కేవీఏకు వేసే డిమాండ్ చార్జీ దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. నేను పనిచేసిన జిన్నింగ్ మిల్లు కాంట్రాక్టు డిమాండ్, అంటే కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠం, 250 కేవీఏ. లోడు 176 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.80, మీటరులో డిమాండ్ 220 కేవీఏ. ప్యానెల్ పెట్టాక 180కి దిగింది. 40 కేవీఏ ఆదా అయిందని యజమాని ఆ లెక్కతోనే ప్యానెల్ వాయిదాలు కుదుర్చుకున్నాడు. బిల్లు 200 కేవీఏకి వచ్చింది! ఎంత తక్కువ వాడినా కాంట్రాక్టులో 80 శాతానికి కట్టాల్సిందేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ కోపంలో కాంట్రాక్టునే 200కి తగ్గించుకున్నాడు. మరుసటి సీజనులో కెపాసిటర్లను కలిపి విడదీసే రిలే ఫ్యూజు పోయి ప్యానెల్ మొత్తం ఆగింది. తలుపు మీద దీపాలన్నీ ఆరిపోయి ఉన్నా ఎవరూ చూడలేదు. డిమాండ్ మళ్లీ 220కి ఎగబాకింది, కాంట్రాక్టు దాటినందుకు అదనపు రుసుము పడింది. బిల్లు పట్టుకుని ప్యానెల్ ముందు నిలబడ్డ ఆ పెద్దమనిషి ముఖం ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది. కాంట్రాక్టు తగ్గించుకుంటే ఆ దీపాలను రోజూ చూసే మనిషి కావాలి, సుధా.

సీజను నెల బిల్లు ఒక్కటి చూసి నిర్ణయం తీసుకున్నావో, నేనే వచ్చి తిడతాను. ఏడాది మొత్తంలో నిజంగా తగ్గే రూపాయలతో ప్యానెల్ ధరను భాగించు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడేళ్లు దాటితే నేనైతే వద్దంటాను.

చిన్నప్పుడు ప్రతి స్విచ్ బోర్డులోనూ వేలు పెట్టేదానివి, అందుకే ఇది రాస్తున్నాను. స్విచ్ తీసేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి, డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూశాకే ఎలక్ట్రీషియన్‌ను చేయి పెట్టనివ్వు. నువ్వు మాత్రం పెట్టకు తల్లీ.

12 నెలల బిల్లులు ఫోటోలు తీసి పంపు. నేను చూసేదాకా కొటేషన్ మీద సంతకం చేయవద్దు.

పెదనాన్న