విండోకి చట్రం బిగించే ముందు

గవర్నరుపేట, విజయవాడ

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. మిర్చి యార్డులో కమీషన్ షాపు వాళ్లకి విన్‌ఫామ్స్‌లో (విండోస్ కిటికీలు కట్టే మైక్రోసాఫ్ట్ సరంజామా) చేస్తున్న కాటా ప్రోగ్రాం బావుంది. అంకెలు దూరం నుంచి కూడా కనిపిస్తున్నాయి. తేజ రకం కాయకీ, రంగు పోయిన తాలు కాయకీ వేరువేరు వరసలు పెట్టడం నాకు బాగా నచ్చింది. అయితే టైటిల్ బార్ పీకేసి, విండోని స్క్రీనంతా పరిచేసి, మూలన నీ సొంత గుండ్రటి క్లోజ్ బటన్ పెట్టావు చూడు, అక్కడ ఆగాను. పైగా "కాటా విండో ఎప్పుడూ అన్నిటికంటే పైన ఉండాలంటే ఏం చేయాలి మావయ్యా" అని అడిగావు. టాప్‌మోస్ట్ ట్రూ చేస్తే చాలు, ఒక్క లైను. ఆ లైను చెప్పేసి ఊరుకుంటే ఫిబ్రవరిలో సీజన్ మొదలయ్యాక ఫోన్లు నీకే వస్తాయి, అందుకని ఉత్తరం రాస్తున్నాను.

విండో స్టైల్లో ప్రతి ఆప్షనూ కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి ఏదో ఒక వీలు ఇస్తుంది, లేదా ఉన్న వీలు లాగేసుకుంటుంది. పక్కకి జరుపుకోవడం, చిన్నది చేసుకోవడం, మూసేసుకోవడం, వేరే ప్రోగ్రాంలోకి వెళ్లి రావడం, ఇవన్నీ ఆ ఆప్షన్ల చేతిలో ఉంటాయి. కాబట్టి ఫారం (అంటే విండో) గీసే ముందు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూడు. నీ విషయంలో అది షాపు గుమస్తా. ముక్కుకి రుమాలు కట్టుకుని, ఘాటుకి తుమ్ముతూ, ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతుంటాడు. రెండో చెయ్యి కీబోర్డు మీద. బయట టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా మీదకి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అదే కంప్యూటర్లో ట్యాలీ (లెక్కల ప్రోగ్రాం) తెరిచి ఉంటుంది, రైతు బాకీ ఎంతో చూడాలంటే ఆల్ట్ ట్యాబ్ కొట్టి అందులోకి వెళ్తాడు. కింద టాస్క్‌బార్లో టైం చూసుకుంటాడు. మౌసు ముట్టుకోవడం వీలైనంత తక్కువ.

ఇప్పుడు నువ్వు ఫారం బోర్డర్ స్టైల్‌ని నన్ (చట్రం వద్దు) చేసి, మ్యాగ్జిమైజ్ చేశావు. అతనికి ఏం పోయిందో చూడు. టాస్క్‌బార్ కప్పబడిపోయింది. విండోస్ బటనూ బాణం గుర్తూ కలిపి నొక్కితే సగం స్క్రీనుకి సర్దుకునే సౌకర్యం పోయింది, ఒక పక్క ట్యాలీ, ఒక పక్క నీది పెట్టుకోలేడు. పట్టుకుని లాగడానికి టైటిల్ బార్ లేదు. ఇంకోటి చాలామందికి తెలియదు. నన్ పెట్టగానే మినిమైజ్ బటన్ తాలూకు స్టైల్ కూడా ఎగిరిపోతుంది. అందువల్ల టాస్క్‌బార్లో బొమ్మ మీద నొక్కితే విండో కిందకి దిగదు. "మీ ప్రోగ్రాం ఇరుక్కుపోయిందండీ" అని అతను ఫోన్ చేస్తే తప్పు అతనిది కాదు. ఇవన్నీ నువ్వే మళ్లీ కోడ్ రాసి తెచ్చిపెట్టొచ్చు. కానీ విండోస్ ఉచితంగా ఇస్తున్నదాన్ని పీకేసి, అరకొరగా మనం కట్టుకోవడం ఎందుకు? నీ మెయిన్ ఫారంకి మామూలు సైజబుల్ చాలు. అది మొదట్నుంచీ ఉన్న డిఫాల్టే. స్క్రీనంతా కావాలంటే మ్యాగ్జిమైజ్ చేసి తెరువు, చట్రం మాత్రం ఉంచు.

లోపల ఏం జరుగుతుందో కూడా కొంచెం తెలుసుకో, ఎందుకంటే ప్రాపర్టీల కిటికీలో దొరకనిది ఎప్పుడో ఒకప్పుడు కావాల్సి వస్తుంది. విన్‌ఫామ్స్‌లో నువ్వు మార్చే ఈ ప్రాపర్టీలన్నీ చివరికి విండోస్‌కి ఒక అంకెగా చేరతాయి. ఇంట్లో స్విచ్‌బోర్డు అనుకో, ఒక్కో బిట్టు ఒక్కో స్విచ్చి. హెక్స్ లెక్కలో మ్యాగ్జిమైజ్ బటన్ 10000, మినిమైజ్ బటన్ 20000, లాగితే సాగే అంచు 40000, సిస్టమ్ మెనూ 80000. ఈ నాలుగిటికీ టైటిల్ బార్ బిట్లు కలిపితే మామూలు పెద్ద విండో వస్తుంది, దాని విలువ సీఎఫ్ తర్వాత నాలుగు సున్నాలు. విన్32లో (విండోస్ సొంత ఫంక్షన్లలో) డబ్ల్యూఎస్ ఓవర్‌ల్యాప్డ్ విండో అంటారే, అది ఇదే. వేరే కొత్త సరుకేమీ కాదు.

ఈ అంకెని నేరుగా మార్చాలంటే ఆ అంకెని విండోస్‌కి అందించే క్రియేట్ పారమ్స్ ప్రాపర్టీని ఓవర్‌రైడ్ చేయాలి, అంటే మన సొంతంగా తిరగరాయాలి. ముందు బేస్ ఇచ్చినది తీసుకో, దానికి నీ బిట్టుని ఆర్ (OR) చెయ్యి, తిరిగి ఇచ్చేయ్. కూడిక గుర్తు మాత్రం వాడకు. మినిమైజ్ బిట్టు అప్పటికే వెలిగి ఉందనుకో, 20000కి ఇంకో 20000 కూడితే 40000 అవుతుంది. బటన్ అడిగితే బటన్ పోయి సాగే అంచు వస్తుంది! ఆర్ చేస్తే వెలిగి ఉన్న స్విచ్చి అలాగే వెలిగి ఉంటుంది. ఆర్పాలంటే ఆ బిట్టుని తిరగేసి యాండ్ (AND) చెయ్యి. ఇంకో సంగతి, ఈ అంకెలు పెద్ద విండోలకి ఒక అర్థం, లోపలి కంట్రోళ్లకి ఇంకో అర్థం ఇస్తాయి. అదే 10000 ఒక టెక్స్ట్ బాక్స్ మీద ఉంటే ట్యాబ్ కొట్టినప్పుడు అక్కడ ఆగాలని అర్థం. ఎక్కడో దొరికిన అంకె తెచ్చి అతికించే ముందు అది దేనికి రాసిందో చూసుకో.

క్రియేట్ పారమ్స్ నీ కన్‌స్ట్రక్టర్‌లోని (ఫారం పుట్టేటప్పుడు నడిచే కోడ్‌లోని) లైన్లు నడవకముందే పిలుపు అందుకుంటుంది. అందుకని కన్‌స్ట్రక్టర్లో విలువ వేసుకునే వేరియబుల్‌ని దాంట్లో వాడితే ఆ మొదటి పిలుపులో ఖాళీగా దొరుకుతుంది. ఇక్కడ చాలామంది తల పట్టుకుంటారు.

నీ ప్రోగ్రాంలో మెయిన్ ఫారం కాకుండా ఇంకో మూడు విండోలు ఉన్నాయి. మూడిటికీ ఒకే వేషం వేశావు. ఏది ఎంతసేపు ఉంటుంది, ఎవరు చూస్తారు అన్నదాన్ని బట్టి విడదీయాలి.

క్వింటాలు రేటు అడిగే విండో అర నిమిషం ఉండి వెళ్లిపోయేది. దానికి ఫిక్స్‌డ్ డైలాగ్ పెట్టు. అయితే ఫిక్స్‌డ్ అన్నంత మాత్రాన మ్యాగ్జిమైజ్ బటన్ పోదు. అంచు లాగడం ఆగుతుంది, బటన్ నొక్కితే మాత్రం స్క్రీనంతా సాగి నాలుగు గళ్లూ ఒక మూలన వేలాడతాయి. మ్యాగ్జిమైజ్ బాక్స్, మినిమైజ్ బాక్స్ రెండూ విడిగా ఫాల్స్ చెయ్యి. టాస్క్‌బార్లో కనిపించక్కర్లేదు. ఎంటర్ కొడితే ఒప్పుకోవాలి, ఎస్కేప్ కొడితే వెనక్కి పోవాలి. తెరిచేటప్పుడు షో డైలాగ్‌కి మెయిన్ ఫారంని యజమానిగా ఇవ్వు, దాని మధ్యలో తెరుచుకునేలా సెంటర్ పేరెంట్ పెట్టు. ఇంతే.

రైతు వైపు తిప్పి పెట్టే రెండో మానిటర్ ఉంది కదా, నువ్వు మెయిన్ ఫారంకి వేసిన వేషం నిజానికి దానిది. నన్, స్క్రీనంతా, టాస్క్‌బార్లో బొమ్మ లేకుండా. అక్కడ ఎవరూ ఏదీ నొక్కరు, బరువు చూసుకుంటారు. ఒక జాగ్రత్త: ఆ విండో తెరుచుకున్నప్పుడు గుమస్తా టైపు చేస్తున్న గడిలోంచి కర్సర్ ఎగిరిపోకూడదు. షో వితౌట్ యాక్టివేషన్ అనే ప్రాపర్టీని ఓవర్‌రైడ్ చేసి ట్రూ ఇవ్వు. మ్యాగ్జిమైజ్ చేసి తెరిస్తే అది పనిచేయదు, కాబట్టి మ్యాగ్జిమైజ్ బదులు విండో సైజునే ఆ స్క్రీనంత ఇవ్వు. లేకపోతే లాట్ నంబరులో సగం అంకెలు ఎవరూ చూడని చోటికి పోతాయి.

ఇక నువ్వు అడిగిన కాటా విండో. ముందు ఇది చెప్పు, అది దేనికంటే పైన ఉండాలి? నీ మెయిన్ ఫారం కంటే పైన ఉంటే చాలనుకుంటే టాప్‌మోస్ట్ అవసరమే లేదు. షో పిలిచేటప్పుడు మెయిన్ ఫారంని యజమానిగా ఇస్తే అది ఎప్పుడూ దాని మీదే ఉంటుంది, మెయిన్ ఫారం కిందకి దిగితే ఇదీ దిగుతుంది. ట్యాలీలో ఉన్నప్పుడు కూడా బరువు కనిపించాలి అంటే మాత్రం టాప్‌మోస్ట్ కావాలి. అలాంటప్పుడు ఆ చిన్న విండో ఒక్కదానికే పెట్టు, ఫిక్స్‌డ్ టూల్ విండోగా ఉంచు, మూలన ఒక చెక్ బాక్స్ పెట్టి పైన ఉండాలా వద్దా అన్నది గుమస్తాకి వదిలెయ్. టూల్ విండో ఆల్ట్ ట్యాబ్ జాబితాలో రాదు, అదీ మనకి మంచిదే. టాస్క్‌బార్లో కూడా రాకూడదంటే షో ఇన్ టాస్క్‌బార్ ఫాల్స్ చేయడం మర్చిపోకు.

మెయిన్ ఫారంని స్క్రీనంతా పరిచి టాప్‌మోస్ట్ కూడా పెట్టావంటే ఏమవుతుందో చెప్తాను, ఇది ఊహించి చెప్పేది కాదు, వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో వేరేవాళ్లు చేసిపెట్టిన ప్రోగ్రాంలో కళ్లారా చూసింది. కాటా నుంచి బరువు సీరియల్ పోర్టు ద్వారా వస్తుంది. బరువు వచ్చిందని చెప్పే డేటా రిసీవ్డ్ ఈవెంట్ నీ ఫారం నడిచే థ్రెడ్డులో (ప్రోగ్రాంలో ఒక పని వరసలో) రాదు, వేరే థ్రెడ్డులో వస్తుంది. అందులోనే "బరువు సరిగా రాలేదు" అని ఒక మెసేజ్ బాక్స్ వేశారు. ఆ థ్రెడ్డుకి విండో అంటూ ఏదీ లేదు, కాబట్టి బాక్సుకి యజమాని లేడు. పైన టాప్‌మోస్ట్ విండో స్క్రీనంతా కూర్చుని ఉంది. బాక్సు దాని వెనక తెరుచుకుంది. ఓకే నొక్కేవరకు ఆ థ్రెడ్డు కదలదు, తర్వాతి బరువులు రావు. స్క్రీను మీద పాత బరువు అలాగే నిలబడిపోయింది, మిగతా బటన్లన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. కొట్టువాళ్లు కాటా చెడిపోయిందని మెకానిక్‌ని పిలిపించారు. అతను వచ్చి కాటా బాగానే ఉందన్నాడు, కేబుల్ మార్చాడు, డబ్బులు తీసుకుని వెళ్లాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే అంతా మామూలే, ఇంకో చెడ్డ రీడింగ్ వచ్చేదాకా.

నువ్వు అలా కాకుండా, బిగిన్ ఇన్‌వోక్‌తో ఫారం థ్రెడ్డుకి వచ్చాకే ఏదైనా చూపించు. మెసేజ్ బాక్స్ తప్పదనుకుంటే మొదటి మాటగా ఫారంని యజమానిగా ఇవ్వు. నన్నడిగితే తప్పు రీడింగుకి బాక్సే వద్దు. బరువు అంకెల్ని ఎర్రగా మార్చి కింద ఒక ముక్క రాస్తే సరిపోతుంది. టిక్కీ టిక్కీకి ఎంటర్ కొట్టమంటే ఎవరికి ఓపిక?

క్లోజ్ బటన్ సంగతి. లాట్ కాటా సగంలో ఉండగా పొరపాటున మూసేస్తారని నీ టెన్షన్, నిజమే. దానికని కంట్రోల్ బాక్స్ ఫాల్స్ చేస్తే ఆ ఇంటు గుర్తు కనపడదు గానీ ఆల్ట్ ఎఫ్4 కొడితే విండో మూసుకుపోతుంది. బటన్ ఉంచు, ఫారం క్లోజింగ్‌లో అడుగు. అక్కడ క్లోజ్ రీజన్ తప్పకుండా చూడు. మనిషి మూస్తే యూజర్ క్లోజింగ్ అని వస్తుంది, అప్పుడు అడుగు. విండోస్ షట్‌డౌన్ అని వస్తే అడక్కు, అడ్డుపడకు. ఏప్రిల్ ఎండల్లో కరెంటు పోయి యూపీఎస్ కూత పెడుతుంటే, యజమాని కంగారుగా షట్‌డౌన్ కొడితే, నీ ప్రోగ్రాం "ఖాయమేనా" అని అడుగుతూ కూర్చోకూడదు. ప్రతి టిక్కీ బరువూ పడిన వెంటనే ఫైల్లో రాసేస్తే ఈ గొడవే ఉండదు, మళ్లీ తెరిచినప్పుడు సగం లాట్ అక్కడే దొరుకుతుంది.

ఇవన్నీ ఫారం పుట్టేటప్పుడే, అంటే కన్‌స్ట్రక్టర్లోనే, తేల్చేసుకో. నడుస్తుండగా షో ఇన్ టాస్క్‌బార్ మారిస్తే విన్‌ఫామ్స్ లోపల పాత విండోని తీసేసి కొత్తది కడుతుంది. దాని హ్యాండిల్ (విండోస్ ఆ విండోకి ఇచ్చిన గుర్తింపు అంకె) మారిపోతుంది, పాత హ్యాండిల్ దాచుకున్న కోడ్ ఏదైనా ఉంటే అది గాల్లో దీపమే. విన్32లో సెట్ విండో లాంగ్‌తో స్టైల్ మారిస్తే, వెంటనే సెట్ విండో పోస్‌ని ఫ్రేమ్ ఛేంజ్డ్ జెండాతో పిలవాలి, లేకపోతే కొత్త చట్రం పట్టదు. మా రోజుల్లో 1998లో వచ్చిన వీబీ6 ఉండేది, అందులో ఫారం బోర్డర్ స్టైల్ ప్రోగ్రాం నడుస్తుండగా మార్చేది కాదని దాని మాన్యువల్లోనే రాసి ఉండేది. అప్పట్లో అందరూ తిట్టుకునేవాళ్లు. నాకు మాత్రం అదే మేలనిపిస్తుంది.

సైజు ఇచ్చేటప్పుడు క్లయింట్ సైజ్ (చట్రం లోపలి జాగా) వాడు. సైజ్ అంటే చట్రంతో కలిపి, చట్రం మందం ఒక్కో విండోస్‌లో ఒక్కోలా ఉంటుంది. మినిమమ్ సైజ్ కూడా పెట్టు. షాపుల్లో ఇంకా 1366×768 మానిటర్లే ఎక్కువ కనిపిస్తాయి, నీ ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉన్న కింది బటన్ల వరస అక్కడ టాస్క్‌బార్ వెనక్కి పోతుంది.

డబ్ల్యూపీఎఫ్‌కి (విన్‌ఫామ్స్ తర్వాత వచ్చిన ఇంకో సరంజామా) మారాలని ఉందన్నావు. అక్కడ కూడా కథ ఇదే, పేర్లు వేరు. విండో స్టైల్, రీసైజ్ మోడ్ అని రెండుగా విడగొట్టారు. అలోస్ ట్రాన్స్‌పరెన్సీ ట్రూ చేస్తే విండో స్టైల్ నన్ అయి తీరాలి, కాకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సొంత టైటిల్ బార్ గీసుకోవాలన్న మోజు తీరకపోతే విండో క్రోమ్ అనే క్లాసు చూడు, అంచు లాగడం లాంటివి అలాగే ఉంచి లోపల నీ ఇష్టం వచ్చినట్టు గీసుకోవచ్చు. ఈ సీజన్‌కి మాత్రం మార్చొద్దు.

ముందు మెయిన్ ఫారం చట్రం తిరిగి పెట్టి, గుమస్తాని కూర్చోబెట్టి, నువ్వు పక్కన నిలబడి మాట్లాడకుండా చూడు. మౌసు ఎక్కడెక్కడ పట్టుకున్నాడో రాసుకుని నాకు పంపు. వాళ్ల కంప్యూటర్లో విండోస్ ఏదో, రెండో మానిటర్ ఎటువైపు ఉందో కూడా రాయి. కాటా కంపెనీవాళ్లు ఇచ్చిన కాగితంలో బాడ్ రేటు (కాటా అంకెలు పంపే వేగం) ఎంతుందో ఫొటో తీసి పెట్టు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య