కిటికీలన్నీ మార్చాలా? అప్పు చేసే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మాది పాత ఇల్లు, సొంతదే. కింద, పైన కలిపి 11 కిటికీలున్నాయి. మూడేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, 76 ఏళ్ల మా అత్తగారు, మేమిద్దరం ఉంటాం. మొన్న పాప మంచమెక్కి, పై గది కిటికీ గట్టు పట్టుకుని బయటికి వంగి చూస్తోంది. నా గుండె ఆగినంత పనైంది. కిటికీలన్నీ మార్చేద్దామని కొటేషన్ తీసుకుంటే మా ఐదు నెలల జీతమంత చెప్పారు. నెలకు జీతంలో ఐదో వంతు మిగులుతుంది. నాలుగు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది. అది తీసేసి, తక్కువపడింది అప్పు చేద్దామని మావారు అంటున్నారు. కిటికీలవాళ్లేమో మొత్తానికీ లోన్ ఇప్పిస్తామంటున్నారు: 10 శాతం ఫ్లాట్ వడ్డీ, మూడేళ్లు. ఏది మేలు?

జవాబు: ఆ మంచం ఇంకా కిటికీ కిందే ఉంటే ముందు వెళ్లి దాన్ని అవతలి గోడకు జరిపి రండి. మిగతాది తర్వాత చదువుదురుగాని. మంచం ఒక్కటే కాదు, కుర్చీ, బొమ్మల పెట్టె, స్టూలు, పాప ఎక్కగలిగినది ఏదైనా కిటికీకి దూరంగా ఉండాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, అయినా మీరు చేయబోయే పనులన్నింటిలో ఇదే పెద్దది.

ఎందుకంటే మూడేళ్ల పిల్లకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. పెద్దవాళ్లు గట్టు మీదికి వంగితే బరువు కాళ్ల వైపు నిలుస్తుంది. పసిపిల్ల వంగితే తల వైపు తూగుతుంది. దోమల మెష్ ఉంది కదా అనుకోవద్దు. అది దోమను ఆపడానికి బిగించింది. పిల్ల ఆనుకుంటే ఫ్రేమ్‌తో సహా ఊడి వస్తుంది. మెష్ ఉందన్న ధీమాతో కిటికీ బార్లా తెరిచి పెట్టడమే అసలు ప్రమాదం.

ఇక అప్పు సంగతి. 10 శాతం ఫ్లాట్ అంటే, మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం మూడేళ్లూ మొదట తీసుకున్న మొత్తం మీదే వేస్తారు. ఐదు నెలల జీతమంత అప్పుకు మూడేళ్ల వడ్డీ నెలన్నర జీతం. బ్యాంకులు మామూలుగా చెప్పే తగ్గే బాకీ లెక్కలోకి, అంటే ఇంకా తీర్చాల్సిన అసలు మీదే వడ్డీ వేసే లెక్కలోకి మారిస్తే అది దాదాపు 18 శాతం. ఈఎంఐ మీ జీతంలో 18 శాతం దాకా పడుతుంది. మీకు మిగులుతున్నదే 20 శాతం. అంటే మూడేళ్లపాటు పిల్లల చదువుకు, మీ పెద్దతనానికి దాచుకునేది దాదాపు ఏమీ ఉండదు. ఆ నెలన్నర జీతం వడ్డీతో మీ కొటేషన్ ప్రకారం మూడు కిటికీలు కొత్తవి వచ్చేస్తాయి. ఈ లోన్ వద్దని గట్టిగా చెబుతున్నాను.

అత్యవసర నిధి తీసినా పని పూర్తి కాదు. నాలుగు నెలల ఖర్చులంటే మీ లెక్కలో మూడు నెలల జీతం కన్నా కాస్త ఎక్కువ, అంతే. నిధి ఖాళీ అయ్యాక కూడా అప్పు మిగిలే ఉంటుంది. పైగా ఇంట్లో 76 ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు ఉన్నప్పుడు ఆ నిధిని కదపడానికి చాలా పెద్ద కారణం ఉండాలి. మీవారి తొందర నాకు అర్థమవుతుంది, పిల్ల విషయంలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఆయన భయం ఒక కిటికీ గురించి, కొటేషన్ 11 కిటికీల గురించి.

ఈ ఆదివారం ఒక నోటు పుస్తకం, టేపు పట్టుకుని ఇల్లంతా తిరగండి. ప్రతి గదిలోనూ ఒకసారి నేల మీద కూర్చోండి. పాప ఎత్తు నుంచి చూస్తే ఏ కిటికీ అందుతుందో, దేని మీద కాలు పెట్టి ఎక్కవచ్చో తెలుస్తుంది. తర్వాత అత్తగారిని పిలిచి, ఆవిడ రోజూ తెరిచే కిటికీలు మీ ముందు తెరిచి మూయమనండి. సాయం చేయకండి, ఊరికే చూడండి. ఏ గొళ్లెం దగ్గర మునివేళ్ల మీద లేచారో, ఏ రెక్కను రెండు చేతులతో లాగారో రాసుకోండి. మూడో వరుసలో అద్దాలు: నేలకు ఎంత ఎత్తులో మొదలవుతున్నాయి, మెట్ల పక్కన ఉన్నాయా, స్నానాల గదిలో ఉన్నాయా. ఈ మూడు లెక్కల్లో దేనికీ రాని కిటికీ ఎంత పాతదైనా భద్రత కోసం మార్చాల్సిన పని లేదు. బందులు బిగించి, గొళ్లెం సరిచేస్తే చాలు. మీ 11లో నాలుగైదుకు మించి ఈ జాబితాలోకి రాకపోవచ్చని నా అంచనా.

పై అంతస్తు కిటికీలకు కావలసింది కొత్త ఫ్రేమ్ కాదు, స్టాపర్ లేదా గార్డు. రెక్క 10 సెంటీమీటర్లు, అంటే 4 అంగుళాలకు మించి తెరుచుకోకుండా ఆపేది స్టాపర్. స్లైడింగ్ కిటికీకైతే పట్టాలో బిగించేవి ఉంటాయి. గార్డు అంటే కిటికీకి అడ్డంగా బిగించే చువ్వల చట్రం. అది పెట్టిస్తే చువ్వల మధ్య సందు కూడా అంతకు మించకూడదు. సందు పెద్దదైతే పిల్ల ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కుంటుంది. 10 సెంటీమీటర్ల బంతి ఒకటి దగ్గర పెట్టుకుని ప్రతి సందులోనూ నెట్టి చూడండి. దూరకూడదు. చువ్వలు నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే పిల్లలకు అవి నిచ్చెన మెట్లే.

గ్రిల్ విషయంలో మాత్రం చాలా ఇళ్లలో ఒక పెద్ద తప్పు చూస్తుంటాను. పిల్లల కోసం, దొంగల కోసం అని మొత్తం వెల్డింగ్ చేయించేస్తారు. రాత్రి పూట ఇంట్లో మంటలు లేచి తలుపు వైపు పోలేని పరిస్థితి వస్తే ఆ గది నుంచి బయటపడే దారి ఉండదు. ప్రతి పడకగదిలో ఒక కిటికీ అయినా లోపలి నుంచి తాళంచెవి, పనిముట్టు అక్కర్లేకుండా పూర్తిగా తెరుచుకోవాలి. స్టాపర్‌కైనా గార్డుకైనా పెద్దవాళ్లు తేలిగ్గా తీయగలిగే, పసిపిల్లకు చేతకాని మీట ఉన్నదే కొనండి. ఇప్పటికే వెల్డింగ్ చేసిన గ్రిల్ ఉంటే, దానిలో కొంత భాగం బందులతో తెరుచుకునేలా మార్పించడానికి పెట్టే డబ్బు గురించి అసలు వెనకాడవద్దు.

ఖర్చు తక్కువలో పెద్ద ప్రాణరక్షణ సాధ్యమనడానికి న్యూయార్క్ నగరాన్ని చూపిస్తాను. అక్కడ పిల్లలు కిటికీల్లోంచి పడిపోతుంటే 1970ల తొలినాళ్లలో నగర ఆరోగ్యశాఖ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. తల్లిదండ్రులకు విషయం చెప్పడం, కిటికీ గార్డులు ఉచితంగా అందించడం దానిలో ముఖ్యమైన పనులు. 1976లో పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలుండే అపార్ట్‌మెంట్లలో గార్డులు బిగించే బాధ్యత ఇంటి యజమానిదేనని చట్టమే తెచ్చారు. పిల్లలు పడిపోవడం బాగా తగ్గింది. ఆ నగరం కిటికీలను మార్చలేదు, ఉన్నవాటికే గార్డులు పెట్టించింది.

పరదాల సంగతి కూడా చూడండి. బ్లైండ్లు ఎత్తే తాడు ఉచ్చులా వేలాడుతుంటే అది పసిపిల్లల మెడకు చుట్టుకుంటుంది. చప్పుడు కాదు, అరుపు వినిపించదు, నిమిషాల్లో ప్రాణం పోతుంది. పిల్లలు తిరిగే గదుల్లో తాడు లేని బ్లైండ్లు గాని, మామూలు పరదాలు గాని వేయండి. మార్చే వరకు తాడును పాపకు అందనంత ఎత్తులో కొక్కేనికి చుట్టి ఉంచండి.

ఇక అత్తగారు. ఇక్కడ మా ఇంటి విషయం చెప్పాలి. మా అమ్మ 71వ ఏట వాన జల్లు కొడుతోందని పై గొళ్లెం వేయడానికి స్టూలెక్కింది. చేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, తర్వాత ఫిజియోథెరపీ. అమ్మకు అన్నీ అందించడానికి నేను సెలవులు పెట్టాను. ఆ మూడు నెలలూ పొదుపు ఆగిపోయింది. రోజూ అందరి డబ్బు లెక్కలు చూసే నేను, ఆ గొళ్లెం ఎత్తు ఒక్కనాడూ చూడలేదు. తర్వాత వడ్రంగిని పిలిచి దాన్ని అమ్మ భుజం ఎత్తుకు దింపించాను. అరగంట పని. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పెద్దవాళ్లుంటే నా చూపు ముందు గొళ్లెం మీదికే పోతుంది.

అందుకే ఆవిడ వాడే కిటికీల గొళ్లేలు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉండేలా చూడండి. కీళ్ల నొప్పులున్న వేళ్లకు చిన్న బుడిపె తిప్పడం కష్టం, అరచేతితో నొక్కగలిగే పొడుగాటి హ్యాండిల్ పెట్టించండి. బిగుసుకుపోయిన రెక్కను చిత్రిక పట్టించండి. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లుండే ఇళ్లలో, పాప కోసం పెట్టిన స్టాపరే వాళ్లకూ రక్ష. ఒక్క ఖర్చు ఇద్దరికీ పనికొస్తుంది.

నిజంగా డబ్బు పెట్టాల్సింది అద్దాల దగ్గర. నేల నుంచి 18 అంగుళాల లోపే మొదలయ్యే పెద్ద అద్దాలు, మెట్ల పక్కవి, స్నానాల గదివి మామూలు గాజు అయితే మార్చాలి. మామూలు గాజు కత్తుల్లాంటి పొడవాటి ముక్కలుగా పగులుతుంది. టఫెండ్ గ్లాస్ దానికన్నా నాలుగైదు రెట్లు గట్టిది, పగిలితే చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. కానీ రాలిపోయాక అక్కడ ఖాళీయే మిగులుతుంది. లామినేటెడ్ గ్లాస్‌లో రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికి అంటుకుని అద్దం చట్రంలోనే నిలుస్తుంది. అందుకని కింది అంతస్తుకు టఫెండ్ చాలు, పై అంతస్తులో పిల్లలు ఆనుకునే చోటుకు లామినేటెడ్ వేయించండి. కాస్త ఎక్కువైనా తగ్గవద్దు. డబ్బు సమకూరే లోపు సేఫ్టీ ఫిల్మ్ అంటించుకోవచ్చు. అది గాజు ముక్కలు ఎగిరిపడకుండా పట్టుకుంటుంది గాని, పడిపోయే మనిషిని ఆపదు.

మరి డబ్బు ఎక్కడి నుంచి? స్టాపర్లు, గొళ్లేలు, హ్యాండిళ్లు, పరదాలు ఈ నెల మిగులులోంచే చేయించండి. వచ్చే నెలకు వాయిదా వేయవద్దు. తర్వాత అద్దాలు, తప్పనిసరిగా మార్చాల్సిన కిటికీలు. మీ కొటేషన్ లెక్కన రెండు కిటికీలు పూర్తిగా మార్చినా ఒక నెల జీతం దాటదు. మిగులుతున్న ఐదో వంతును ఐదు నెలలు విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఆ మొత్తం చేతిలో ఉంటుంది, ఒక్క పైసా వడ్డీ కట్టకుండా. ఆ తర్వాత మిగులును మళ్లీ మీ మామూలు పొదుపులకు మళ్లించి, అందులో కొద్ది భాగం మాత్రం ఇంటి మరమ్మతుల ఖాతాలో కొనసాగించండి. స్టాపర్ల స్క్రూలు వదులవుతాయి, రబ్బర్లు ఎండిపోతాయి, ఏటా ఒకసారి చూపించాల్సిందే. దీన్ని అత్యవసర నిధితో కలపవద్దు. ఒక్క మినహాయింపు: పాప పడుకునే గది కిటికీ కుళ్లిపోయి స్క్రూ కూడా పట్టని స్థితిలో ఉంటే, ఆ ఒక్కదానికి అత్యవసర నిధిలోంచి తీయండి. తప్పు లేదు. మరుసటి నెల నుంచి ముందు ఆ గుంట పూడ్చండి.

కొటేషన్ మళ్లీ తీసుకోండి, ఈసారి కిటికీ కిటికీకి విడిగా. ఫ్రేమ్, అద్దం, బిగింపు కూలి, పాతది తీసేయడం వేరువేరుగా రాయించండి. మొత్తం ఒకే అంకె చెప్పేవాళ్ల దగ్గర బేరం ఆడటానికి మనకేమీ దొరకదు. ఇల్లు పాతది అన్నారు కాబట్టి ఇంకొకటి: పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఉప్పుకాగితంతో పొడిగా గీస్తే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. ముందు పరీక్ష చేయించండి, ఆ ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి. టఫెండ్ గ్లాస్ తయారయ్యాక కోయడం, రంధ్రం పెట్టడం కుదరదు. కొలత తప్పితే అద్దం మొత్తం దండగ. కొలతలు తీసినవాళ్లే దానికి బాధ్యులని కాగితం మీద ఉండాలి.

ఇంటి బీమా ఉంటే పాలసీ తీసి అద్దాలకు కవర్ ఉందో లేదో చూడండి. పాతబడి పాడైనదానికి బీమా సాధారణంగా రాదు.

అడ్వాన్స్ మొత్తం ఒకేసారి ఇవ్వవద్దు. చివరి విడత చేతిలో ఉంచుకోండి. పని అయ్యాక అద్దం మూల చూడండి. టఫెండ్ గ్లాస్‌కు సాధారణంగా అక్కడ చెరగని ముద్ర ఉంటుంది. అది లేకపోతే ఎందుకు లేదో అడగండి. బంతితో సందులు చూడండి. ఆ రాత్రి లైట్లన్నీ ఆపేసి, అత్తగారిని తన గది కిటికీ స్టాపర్ మీట తీసి రెక్క పూర్తిగా తెరవమనండి, బాబుకు కూడా తన గదిలో ఎలా తీయాలో నేర్పండి. చీకట్లో ఆవిడ చేతికి ఆ మీట తేలిగ్గా రాకపోతే, మర్నాడు పనివాళ్లను మళ్లీ పిలిచి సరిచేయించాకే ఆ చివరి విడత ఇవ్వండి.