తీగ ఒక్కటే చూసి నేవీ బాకు అనుకోకండి

మీరు కొన్న పాత బాకు ఫోటోలు చూశానండీ. పసుపు పిడి, దాని మీద వెండి రంగు పురి తీగ, అమ్మినతను మాత్రం జర్మన్ నేవీ బాకు అన్నాడు, అది నిజమేనా అనే కదా మీ టెన్షన్! నాకైతే ఇది 1937లో వచ్చిన లుఫ్ట్‌వాఫె (జర్మన్ వైమానిక దళం) రెండో మోడల్‌లానే ఉంది. నేవీ 1938 మోడల్‌కి మామూలుగా ఇత్తడి తీగ ఉంటుంది. అయితే తీగ పూత అరిగితే రంగు మారిపోతుంది కాబట్టి, ముందు గార్డు, అంటే పిడికీ కత్తికీ మధ్య ఉండే అడ్డపట్టీ చూడండి: లంగరు ఉంటే నేవీ, ఎగురుతున్న డేగ ఉంటే వైమానిక దళం. మీ రెండో ఫోటోలో ఉన్నది డేగే. పిడి పైన గుండు కూడా చూడండి, నేవీదైతే ఆ గుండే డేగ ఆకారంలో ఉంటుంది.

ఆర్మీ బాకు గార్డు మీదా డేగ ఉంటుంది గానీ, దాని పిడికి మామూలుగా తీగ ఉండదు, ఏటవాలు గాడులు మాత్రమే. లుఫ్ట్‌వాఫె మొదటి మోడల్‌కి తీగ ఉన్నా అది నీలం తోలు పిడి, దానితో గందరగోళం రాదు.

ఇక తీగ రకాలు. కొన్నిటికి ఒకటే పురి, కొన్నిటికి మధ్యలో లావు పురి, అటూ ఇటూ సన్నవి. మీ మిత్రుడి బాకుకి వేరేలా ఉందని మీది నకిలీ అనెయ్యకండి. నేనైతే తీగ కొసలు పిడిలోకి ఎలా దూర్చారో, తీగ కూర్చునే గాడిలో పాత మురికి ఉందో లేదో చూస్తాను. తళతళలాడే తీగ, నల్లబడ్డ గాడి కలిసి కనిపిస్తే ఎవరో మళ్లీ చుట్టారన్నమాట.

తీగ వదులైతే బంకపెట్టి బిగించకండి, పాలిష్ అసలే వద్దు.