మహిళలకు విడిగా వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఎందుకు? నాకు తెలిసినంతలో

"బైక్‌కి ఆడా మగా తేడా తెలియదు కదా, మరి 2024 నుంచి మహిళలకు విడిగా సర్క్యూట్ రేసింగ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఎందుకు? మా చెల్లికి రేసింగ్ పిచ్చి, తనని తక్కువ చేసినట్టు కాదా?" అని అడిగారు. ఒకప్పుడు నేనూ ఇలాగే వాదించేదాన్ని.

కొన్నేళ్ల క్రితం చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. అద్దెకు తీసుకున్న లెదర్ సూట్ మగవాళ్ల కొలతలది. భుజాల దగ్గర వదులు, నడుము కింద బిగుతు. మోకాలి పక్కన ఉండాల్సిన స్లైడర్, అంటే మలుపులో రోడ్డుకి రాసుకునే ప్లాస్టిక్ ముక్క, పిక్క మీదికి జారిపోయేది. మలుపులో మోకాలు బయటికి పెట్టాలంటేనే టెన్షన్. మధ్యాహ్నం దాని చుట్టూ టేప్ బిగించాక, అదే మలుపులో బైక్‌ని ధైర్యంగా వంచగలిగాను. అంతవరకూ నన్ను ఆపింది భయం కాదు, ఆ సూట్.

తర్వాత ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు, 2024 జులైలో డోనింగ్టన్ పార్క్ ట్రాక్‌లో ఈ మహిళల ఛాంపియన్‌షిప్ రేసు చూశాను. క్రేనర్ కర్వ్స్ అనే మలుపుల దగ్గర గడ్డి గట్టు మీద నిలబడ్డాను. అక్కడ ట్రాక్ పల్లంలోకి దిగుతూ ఉంటుంది, దిగుతూనే బైక్‌ని కుడి నుంచి ఎడమకి తిప్పాలి. అందరివీ ఒకటే బండి, 689 సీసీ యమహా ఆర్7. టైర్లు కూడా అందరికీ పిరెల్లీయే. ఇంజిన్ బలంతో ముందుకెళ్లే వీలు పెద్దగా లేదు. ఎవరు బ్రేక్ ఆలస్యంగా పట్టారో, ఎవరు త్రాటిల్ ముందుగా తెరిచారో కంటికి తెలిసిపోతుంది. అంత దగ్గర దగ్గరగా సాగే రేసు నేను అంతకుముందు చూడలేదు.

ఇక చేతకాక విడిగా పెట్టారనుకుంటే పొరపాటే. స్పెయిన్ రైడర్ ఆనా కారాస్కో 2017లో పోర్చుగల్‌లోని పోర్టిమావో ట్రాక్‌లో మగవాళ్లతో పోటీపడి సూపర్‌స్పోర్ట్ 300 అనే చిన్న బైకుల వరల్డ్ ఛాంపియన్‌షిప్ రేసు గెలిచింది. 2018లో ఒకే ఒక్క పాయింట్ తేడాతో ఆ వరల్డ్ టైటిలే కొట్టింది. 2020లో ఎస్టోరిల్ ట్రాక్‌లో టెస్ట్ రైడ్ చేస్తూ పడి వెన్నుపూసలు విరిగాయి. మరుసటి ఏడాదే తిరిగొచ్చి మిసానోలో గెలిచింది. ఈ మహిళల టైటిల్ మొదటి విజేత కూడా ఆవిడే. 2025లో ఆ టైటిల్ మరియా హెరేరాకి దక్కింది, కారాస్కో ఆడా మగా కలిసి పోటీపడే, ఇంకా వేగమైన బైకుల వరల్డ్ సూపర్‌స్పోర్ట్‌కి వెళ్లింది. అంటే ఇక్కడితో దారి మూసుకుపోలేదు.

ఉన్న ఇబ్బందల్లా టీమ్‌లో సీటు దొరక్కపోవడమే. ఇదివరకు ఒక రేసు స్టార్టింగ్ గ్రిడ్‌లో ఒకరో ఇద్దరో అమ్మాయిలు కనిపించేవాళ్లు. స్పాన్సర్ వెళ్లిపోతే కెరీర్ కూడా పోయేది. ఈ మహిళల ఛాంపియన్‌షిప్ 2024లో రెండు డజన్ల మందితో మొదలైంది. నాకు ఒక్కటే అసంతృప్తి, ఏడాదికి ఆరు రౌండ్లే. రౌండుకి రెండేసి రేసులున్నా, నేర్చుకోవాల్సిన వాళ్లకి అవి చాలవు.

మన దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలోనూ అమ్మాయిల కేటగిరీ రేసులు జరిగాయి. మీ చెల్లిని ముందు ఒక ట్రైనింగ్‌కి పంపండి. బైక్ అద్దెకు తీసుకున్నా పర్లేదు కానీ, సూట్ మాత్రం తన కొలతలకే కుట్టించండి.