తోపు అమ్మిన దుడ్డు గురించి పాపకు

చిరంజీవి పాపకు పెదనాయన ఆశీర్వదించి రాయునది.

మొన్న రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం ఫోన్ చేసి "ఈ దుడ్డు యాడ పెట్టాల పెదనాయనా?" అని అడిగినావు. నీ వెనకాల టీవీ మోత, పిల్లోడి ఏడుపు. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. ఆ గోలలో సగం సగం చెప్పేకంటే రాసి పంపడమే మేలనిపించింది. నచ్చితే మళ్ళీ చదువుకుంటావు, నచ్చకుంటే మడిచి బీరువాలో పెడతావు.

చంద్రగిరి దాపున మామిడి తోపులో నీ భాగానికి 38 లక్షలు వచ్చింది. మీ అన్న పసుపుకుంకుమ కింద రెండు లక్షలు చేతిలో పెట్టి సంతకం చేయించుకోవాలని చూసినాడు, నువ్వూ తలూపబోయినావు. ఆడబిడ్డకు సమాన భాగమని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం చేసినారని నేను అడ్డం పడ్డా. అందుకని వాడు ఈ రోజుకీ నాతో మాట్లాడడు. పోనీలే, దీపావళికి వాడే వస్తాడు.

ఇప్పటికే మీ ఇంటికి ఎవరెవరు వచ్చిపోయి ఉంటారో నేను ఈడ కూర్చొనే చెప్పగలను. రేణిగుంట విమానాశ్రయం పక్కన ప్లాట్లు ఉన్నాయని ఒకడు. నూటికి రెండు రూపాయల వడ్డీ ఇప్పిస్తానని మీ చిన్నాయన. ఫోన్‌లోనే రోజుకు ఐదువేలు సంపాదించే ఉపాయం నేర్పిస్తానని మీ ఆయన స్నేహితుడు. ఇచ్చేవాణ్ణి చూస్తే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడని మా అవ్వ ఊరికే అనలేదు.

అవ్వది రాయచోటి పక్క. మనం దుడ్డు అంటే ఆమె లెక్క అనేది. "లెక్క ఉందా నాయనా? బస్సుకు లెక్క ఇయ్యమంటావా?" అనేది. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో క్యాషియర్ పని చేసి, ఊరందరి దుడ్డూ ఎంచి పెట్టి రిటైరైన తర్వాత అనిపిస్తుంది, దానికి అంతకంటే సరైన పేరు లేదని. లెక్క తెలిసినంత సేపే అది నీది.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు, కాణిపాకం కోనేటి గట్టున దొరికింది. ఇంతవరకు మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1994లో నేను చిత్తూరులో పని చేస్తా ఉంటి. నాతో చదువుకున్నవాడు ఒకడు బెల్లం మండీ పెట్టినాడు. సీజన్‌కు 40 వేలు కావాలన్నాడు. అప్పటికి అది నాకు చాలా పెద్ద మొత్తం. స్నేహితుడు కదా, నోటు రాయించుకుంటే ఏమనుకుంటాడోనని ఉత్త చేతుల మీదే ఇచ్చినా. సీజన్ అయినాక వాడు ఇస్తా వచ్చినాడు, కాదనను. ఒకసారి ఐదువేలు, ఇంకోసారి నాలుగు. మీ చిన్నత్త పెళ్ళికి నేను అడక్కుండానే బెల్లం దింపిపోయినాడు. ఆ బెల్లం చదివింపా, బాకీలో చెల్లా? వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మధ్యలో వాళ్ళ అమ్మను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు ఇంకొంత నేనే ఇచ్చినట్టు గుర్తు. రెండేళ్ళకు నేను 31 వేలు బాకీ అంటే వాడు 22 వేలే అన్నాడు.

నలుగురిలో పడింది. చిత్తూరులో ఇట్లాంటి తగువు తెగకపోతే చివరికి ఎక్కడికి పోతారో నీకు తెలుసు. కాణిపాకం పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇద్దరం ఒకే బస్సులో, వేరే వేరే సీట్లలో పోయినాం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందర నిలబడి ప్రమాణం చేయాల. అబద్ధం చెప్పినవాణ్ణి ఆ స్వామి వదలడని చిన్నప్పటి నుంచి విన్నదే. నేను మునిగి లేచినా. గట్టెక్కి రెండడుగులు వేసినాక కాళ్ళు ఆడలేదు. వాడికి భయపడి కాదు. 31 వేలు నిజమని నాకే తెలియదు.

చూడు పాపా, బ్యాంకులో సాయంత్రం ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి ఎనిమిది దాకా కూర్చొని వెతికేవాణ్ణి. నా సొంత 40 వేలకు మాత్రం ఒక చిత్తు కాగితం కూడా లేదు. వాడి మొహం చూసినా. వాడిదీ అదే అవస్థ. ఇద్దరం గుడి లోపలికి పోకుండానే బయటికొచ్చి, తడిబట్టలతోనే టీ తాగినాం. టీ దుడ్డు వాడే ఇచ్చినాడు. ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు. 2011లో పోయినాడని తెలిసి చివరి చూపుకు పోయినా. వాడి కొడుకు నా దగ్గరికొచ్చి, "మా నాయన మీకేమన్నా బాకీ ఉన్నాడా?" అని అడిగినాడు. లేదన్నా. అది నిజమో అబద్ధమో ఇప్పటికీ నాకు తెలియదు.

అందుకని అప్పు విషయం ముందుగా చెప్తా. మీ చిన్నాయనకు ఇవ్వొద్దని నేను అనను, నీ ఇష్టం. ఇస్తే మాత్రం ప్రోనోటు రాయించుకో. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, తేదీ, వడ్డీ ఎంతో, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద పడేటట్టు సంతకం. దుడ్డు బ్యాంకు ద్వారానే పంపు. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా చేతులు మారకూడదని ఆదాయపు పన్ను చట్టమే చెప్తుంది. నోటుకు ఆయుష్షు మూడేళ్ళు. ఆ లోపల అతను కొంత కట్టి, నోటు వెనకాల తన చేత్తో చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. లేదంటే నోటు తిరగ రాయించుకోవాల. నాలుగో ఏడు గుర్తొచ్చి లాయరు దగ్గరికి పరుగెత్తినవాళ్ళను ఎంతమందిని చూసినానో.

మొహమాటమా? కొండ మీద స్వామి తన పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, బ్రహ్మనూ శివుణ్ణీ సాక్షులుగా పెట్టి పత్రం రాసిచ్చినాడని కదా మన కథ. ఆయన్ను వడ్డీకాసులవాడా అని పిలుచుకుంటాం. "మీరు సాక్షాత్తూ శ్రీనివాసులు, మీ దగ్గర పత్రం ఎందుకు స్వామీ" అని కుబేరుడు అనలేదు చూడు.

నూటికి రూపాయి ధర్మవడ్డీ, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24. అంత ఇస్తానన్నవాడికి బ్యాంకు ఎందుకు ఇవ్వలేదో ముందు ఆ ప్రశ్న అడుగు. జవాబు సరిగా రాకపోతే మజ్జిగ ఇచ్చి పంపు.

డైలీ ఫైనాన్స్‌లో పెట్టమని ఎవరన్నా అంటే అది మాత్రం వద్దే వద్దు. దాని కిటుకు చెప్తా విను. కూరగాయలమ్మే ఆమెకు పదివేలు అని చెప్పి చేతిలో 9,000 పెడతారు. రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టాల. వెయ్యి రూపాయలే కదా, పదికి ఒకటి అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతా ఉంటుంది. సగటున ఆమె దగ్గర నిలిచేది నాలుగున్నర వేలే. దాని మీద నూరు రోజులకు వెయ్యి రూపాయలంటే ఏడాదికి 80 శాతం దాకా పడుతుంది. పొద్దున్నే టమోటా గంపల మధ్య కూర్చొని ఆ వంద రూపాయలు తీసిచ్చే చేతులు నేను చూసినా. ఆ దుడ్డు మన ఇంటికి వద్దు.

ఇక మీ ఆయన స్నేహితుడి ఫోన్ ఉపాయం, అదే ఆప్షన్స్ ట్రేడింగ్. షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాసినట్టు ఉంటుంది. షేర్ మార్కెట్‌ను అదుపులో పెట్టే సంస్థ సెబీ 2024లో లెక్క తీసి చెప్పింది: మూడేళ్ళలో ఈ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (ఎఫ్ అండ్ ఓ అంటారు) చేయి పెట్టిన చిన్న మదుపరుల్లో నూటికి 93 మంది నష్టపోయినారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ ఏడుగురిలో తానొకణ్ణని ఆ పిల్లోడు అంటే, మూడేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమను. స్క్రీన్‌షాట్ కాదు.

ప్లాట్ల సంగతి నాకు పెద్దగా తెలియదు. లేఅవుట్ అప్రూవల్, ఆ స్థలం మీద తాకట్లు, అమ్మకాలు చూపించే ఈసీ కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు, అంతే.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ముందు ఆడిటర్ దగ్గరికి పో. తోపు పొలమే కదా, పన్నెక్కడిది అనుకోవద్దు. తిరుపతి అంత జనాభా ఉన్న ఊరికి, మున్సిపల్ హద్దు నుంచి 6 కిలోమీటర్ల లోపల ఉన్న పొలం అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది, బయట ఉంటే పడదు. దారి దూరం కాదు, కాకి ఎగిరేంత తిన్నటి దూరం. మన తోపు ఏ పక్కన పడుతుందో కొలిపించి కాగితం తీసుకో. లోపల పడితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు. ప్రభుత్వం చెప్పిన బాండ్లలో పెట్టి పన్ను తప్పించుకోవాలంటే ఆరు నెలలే గడువు. ఇది తేలేదాకా 38 లక్షలు నీవి అనుకోవద్దు.

అంతవరకు పెద్ద బ్యాంకుల్లో ఎఫ్‌డీ వేసి ఉంచు. ఒక శాతం ఎక్కువ వస్తుందని ఏ సొసైటీలోనో, చిన్న సహకార బ్యాంకులోనో మొత్తం పోయొద్దు. బ్యాంకు మునిగితే బీమా కింద ఒక్కొక్కరికి 5 లక్షల వరకే వస్తుంది. ఎఫ్‌డీలోనే ఎల్లకాలం ఉంచమని కూడా చెప్పను. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో రెట్టింపు అవుతాయి, అప్పుడు నీ వడ్డీకి సగం సంతే వస్తుంది. కొంత మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసుకో. పదేళ్ళు ముట్టనని నీకు నువ్వు చెప్పుకోగలిగినంతే వెయ్యి.

ముట్టకుండా ఉండడం ఎట్లా అంటావు కదా. 2013లో నేను పరకామణి సేవకు, అదే కొండ మీద స్వామి హుండీ దుడ్డు ఎంచే సేవకు, పోయినా. జేబుల్లేని బట్టలు కట్టుకొని నేల మీద కూర్చుంటే, హుండీ కొప్పెరలో పడిందంతా తెచ్చి ముందర కుమ్మరించినారు. మొదటి గంట గుండె దడదడలాడింది. రెండో గంటకు అది ఉత్త కాగితం, చేతికి నల్లటి మసి. నోట్లకు నోట్లు, చిల్లరకు చిల్లర వేరు చేస్తా ఉంటే పసుపు గుడ్డలో కట్టిన ముడుపొకటి తగిలింది. విప్పితే పాత నాణేలు, రూపాయి బిళ్ళలు, పావలాలు. ఎన్నేళ్ళు కట్టి ఉంచినారో, పసుపు నాణేలకు అంటుకుపోయింది.

ఆ ఇంట్లో ఎప్పుడూ దుడ్డుకు ఇబ్బంది రాలేదంటావా? పిల్లలకు జ్వరం రాలేదా, ఉప్పు నిండుకోలేదా? అయినా ఆ ముడుపు విప్పలేదు. మన జనం పొదుపు చేయలేరని బ్యాంకులో మా మేనేజర్లు అనేవాళ్ళు. పేరు పెట్టి కట్టిన దుడ్డును మనవాళ్ళు ప్రాణం పోయినా ముట్టరు, పేరు లేనిదే కరిగిపోతుంది. కాబట్టి నువ్వు ఈ 38 లక్షలను ఒకే కుప్పగా ఉంచొద్దు. పిల్లోడి చదువుకు ఇంత, మీ అమ్మ ముసలితనానికి ఇంత, ఏడాది ఇంటి ఖర్చుకు ఇంత అని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో ఎఫ్‌డీ వేసి, రసీదు మీద పెన్నుతో పేరు రాయి. బ్యాంకువాళ్ళు నవ్వితే నవ్వనీ.

అన్నీ కట్టిపెట్టమని అనుకునేవు. 1998లో మీ పెద్దమ్మ కాశీకి పోదామన్నది. ఎఫ్‌డీ మెచ్యూరిటీకి ఇంకా ఎనిమిది నెలలు ఉందని, విప్పితే వడ్డీ తగ్గుతుందని వాయిదా వేసినా. ఆ తగ్గే వడ్డీ ఎంతో ఇప్పటికీ గుర్తుంది, 1,140 రూపాయలు. తర్వాత ఆమెకు మోకాళ్ళు పోయినాయి. ఆ కాశీ ఇంక కుదరలేదు. మీ అమ్మ పళ్ళు కట్టించుకోవాలని ఏడాదిగా అంటా ఉందని విన్నా. ఆ పేరుతోనే మొదటి ముడుపు కట్టి, మొదట అదే విప్పు.

ఇంకొకటి. ఎంత అయితే నీకు చాలు? గోవిందరాజస్వామి గుళ్ళో తల కింద కుంచం పెట్టుకొని పడుకున్న స్వామిని ఎన్నిసార్లు చూసినావో. తమ్ముడి అప్పు తీర్చే దుడ్డు కొలిచి కొలిచి అలసి పడుకున్నాడంటారు. కొలవడం అయింది కాబట్టే పడుకున్నాడు. నువ్వూ మీ ఆయనా కూర్చొని ఆ అంకె ఒకటి రాసుకోండి. తప్పైనా పర్వాలేదు, వచ్చే ఏడు దిద్దుకోవచ్చు.

వచ్చే ఆదివారం రా. ఆడిటర్ కాగితం, పాస్‌బుక్కులు తీసుకురా. మీ పెద్దమ్మ రాగి సంగటి చేస్తానంటా ఉంది. చిన్నాయనకు ఇప్పటికే ఏమన్నా ఇచ్చేసి ఉంటే ఆ సంగతి దాచొద్దు, నేను తిట్టను. నోటుకు రెవెన్యూ స్టాంపులు నా దగ్గరే ఉన్నాయి.

పెదనాయన
తిరుపతి